మన టీము ఏది?

(సొసైటీ వార్షిక సభ సందర్భమున ప్రొద్దుటూరులో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లము. రోజంతా అలిఫ్, బే దిద్దించే చేతితో తెలుగు రాసుకొని వచ్చినాము. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు. అధ్యక్షులవారు మమ్ములను "విద్య, క్రమశిక్షణ" అనే అంశం మీద మాట్లాడమన్నారు. మేము ఆ మాట దాటడం లేదు. అయితే ఫుట్‌బాలు దారిలో పోయి అక్కడికి చేరుతాము. దారి కొంచెం చుట్టు, కానీ ఊరు అదే.

ఇంతకూ ఈ దారి ఎందుకు పట్టినామంటే, దానికి ఒక పిల్లవాడు కారణం. మా ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ల మామ హైదరాబాదులో టైల్సు పని చేస్తాడు. ఆయన తెచ్చి ఇచ్చిన పసుపుపచ్చ బనియను ఒకటి వీడు వారానికి మూడు రోజులు తొడుక్కుంటాడు. యూనిఫారం కింద తొడుక్కుని వస్తాడు, ఇంటర్వెల్లులో పైది విప్పేస్తాడు. అది హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు వారి బనియను. ఒకనాడు వాడు మొహం వేలాడేసుకుని వచ్చి, "సార్, మా టీము ఢిల్లీకి పోయిందంట. పేరు కూడా మార్చేసినారంట. ఇప్పుడు నేను యా టీము సార్?" అని అడిగినాడు.

మేము పాతికేళ్ల దగ్గర దగ్గరగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్తున్నాము. ఈ ప్రశ్నకు మాత్రం వెంటనే నోరు రాలేదు. "రేపు చెప్తా కూర్చో" అన్నాము. ఆ రేపు ఈ రోజు అయింది. కావున ఈ ప్రసంగం ఆ పిల్లవాడికి బాకీ ఉన్న జవాబు అని తమరు అనుకోవచ్చును.

ముందుగా ఆ పసుపు బనియను సంగతి చెప్పుకుందాము.

మన దేశంలో ఫుట్‌బాలు పాత ఆటే. డ్యూరాండ్ కప్పు 1888లో మొదలయింది, బొంబాయి రోవర్స్ కప్పు 1891లో మొదలయింది. కానీ ఆటనే ఉద్యోగంగా, క్లబ్బునే కంపెనీగా నడిపే పద్ధతి బాగా ఆలస్యంగా వచ్చింది. ఇండియన్ సూపర్ లీగ్ అనే పోటీ 2014లో 8 జట్లతో ఆరంభమయింది. అప్పుడు అందులో హైదరాబాదు లేదు. పూణే నగరం పేర ఉన్న జట్టు 2019లో మూతపడగా, ఆ ఖాళీలో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని అనే ఇద్దరు తెలుగువారు ముందుకు వచ్చి హైదరాబాదు ఎఫ్.సి. స్థాపించినారు. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం వారి ఇల్లు.

మొదటి ఆట 2019 అక్టోబరులో కలకత్తాలో. 5 గోల్సు తేడాతో ఓడిపోయినారు, ఒక్కటి కూడా కొట్టలేదు. ఆ యేడు 18 ఆటల్లో గెలిచినవి 2 మాత్రమే. 10 జట్లలో 10వ స్థానం. మన బళ్లో అయితే ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర గీత పడే మార్కులు.

తర్వాత మానోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశస్థుడు కోచ్‌గా వచ్చినాడు. ఆయన పెద్ద పేరున్న వాళ్లకంటే పేరు లేని చిన్న వయసు ఆటగాళ్లను నమ్ముకున్నాడు. 2020–21లో 5వ స్థానానికి వచ్చినారు. ఆ మరుసటి యేడు, 2022 మార్చి 20వ తేదీ, గోవాలో ఫతోర్డా స్టేడియంలో ఫైనలు. ఎదుట కేరళ బ్లాస్టర్సు. గ్యాలరీ అంతా కేరళవారి పసుపే. రాహుల్ అనే కుర్రవాడు కేరళకు గోలు కొట్టినాడు. ఆట ఇంక అయిపోతుందనగా 88వ నిమిషంలో సాహిల్ తావోరా బయటి నుండి కొట్టి సమం చేసినాడు. చివరకు పెనాల్టీలు. మన గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపినాడు. 3–1తో కప్పు హైదరాబాదుకు వచ్చింది. ఆ యేడు 18 గోల్సు కొట్టిన నైజీరియా దేశస్థుడు ఒగ్బెచే లీగు మొత్తంలో మొదటివాడుగా నిలిచినాడు. ఆఖరి స్థానం నుండి కప్పు దాకా పట్టిన కాలం రెండేళ్లు. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదో పదో యేండ్లు. వాడు బనియను తొడగడం అప్పుడే మొదలు పెట్టినాడు. ఎవరు తొడగరు!

మరుసటి యేడు కూడా లీగు పట్టికలో 2వ స్థానం. అంతవరకు బాగుంది. అటు తర్వాతనే జీతాలు ఆగినాయి.

ఇక్కడ పెద్దలు కొంచెం దయచేసి గమనించాల. ఆ జట్టు ఆట రాక కూలిపోలేదు. ఇస్తామన్న డబ్బు ఇవ్వక కూలిపోయింది. ఆటగాళ్లకు, సిబ్బందికి బాకీలు పడినాయి. ఫిర్యాదులు ప్రపంచ ఫుట్‌బాలు సమాఖ్య దాకా పోయినాయి. బాకీలు తీర్చేదాకా కొత్త ఆటగాళ్లను చేర్చుకోరాదని ఆంక్ష వచ్చింది. కోచ్ మానోలో అప్పటికే గోవాకు పోయినాడు. 2023–24 నడుమ విదేశీ ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయినారు, పేరున్న మన దేశం వాళ్లూ వెళ్లిపోయినారు. మిగిలింది చిన్న పిల్లలు. ఆ పిల్లలనే పెట్టుకొని తంగ్‌బోయి సింగ్టో అనే కోచ్ ఆ యేడు గడిపినాడు. 22 ఆటలు, 1 గెలుపు, 8 పాయింట్లు, అడుగు స్థానం. రెండేళ్ల కిందట కప్పు ఎత్తిన జట్టు ఇది. 2024లో జిందాల్ వారి చేతికి వచ్చింది. ఒక యేడు హైదరాబాదు పేరుతోనే ఆడినారు. 2025లో క్లబ్బును ఢిల్లీకి మార్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టినారు. అంటే పుట్టింది 2019, ఊరు విడిచింది 2025. మన బడి లెక్కన చెప్పాలంటే ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు ఏడో తరగతి దాటక ముందే క్లబ్బు కథ ముగిసింది.

మేము ఎవరినీ నిందించడానికి రాలేదు. క్లబ్బు నడపడం కోట్ల ఖర్చు. అటు ఆదాయం వచ్చేది తక్కువ. మైదానం అద్దె, ప్రయాణాలు, విదేశీ ఆటగాళ్లు, అన్నీ పైనుండి కిందికి దిగే డబ్బు. పైన కుళాయి కట్టేస్తే కింద బిందె ఎండుతుంది. ఇంకొక సంగతి. కప్పు గెలిచిన ఆ జట్టులో గోవా వాళ్లు ఉన్నారు, మణిపూరు, సిక్కిం, ఉత్తరప్రదేశ్ వాళ్లు ఉన్నారు, బ్రెజిల్, స్పెయిన్ వాళ్లు ఉన్నారు. మంచిదే, ఆటకు సరిహద్దు లేదు. కానీ హైదరాబాదు గల్లీలలో పుట్టి పెరిగిన పిల్లలు అందులో పెద్దగా కనబడలేదు. చెట్టు తెచ్చి నాటినారు, వేరు మాత్రం ఊళ్లో దిగలేదు. కాబట్టి ఎత్తుకొని పోవడం సులువయింది.

మరి వేరు దిగిన చెట్టు హైదరాబాదులో ఎప్పుడైనా ఉండిందా? ఉండింది. అది కూడా ఒక బడిపంతులు నాటింది. మా కులవృత్తి వాడు గనుక మేము కొంచెం గర్వంగా చెప్పుకుంటే తమరు ఏమీ అనుకోవద్దు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టినారు. ఉస్మానియాలో చదివి డిగ్రీ పుచ్చుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూలులో, దారుల్ ఉలూం హైస్కూలులో, చాదర్‌ఘాట్ హైస్కూలులో పాఠాలు చెప్పినారు. అందుకే చచ్చేదాకా ఆయన్ను అందరూ రహీం సాబ్ అనే పిలిచినారు, ఉపాధ్యాయుడిని పిలిచినట్టు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘానికి కార్యదర్శి అయినారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్, దాంతోపాటు దేశపు జట్టుకు కూడా కోచ్. ఈయన మీద 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. మన పిల్లలు చాలామంది ఫోన్లలో చూసినారు. మేమూ చూసినాము, మా ఇంట్లో వాళ్లతో కలిసి.

సినిమాలో కంటే పిల్లలకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. రహీం సాబ్ దగ్గర డబ్బు లేదు, మైదానాలు లేవు, యంత్రాలు లేవు. ఉన్నది పంతులు బుర్ర. అందుకని డబ్బు ఖర్చు కాని పోటీలు కనిపెట్టినారు. ఒక పోటీలో బంతిని పక్కవాడికి ఇవ్వాల్సిందే, తన దగ్గరే పెట్టుకొని కాళ్ల మధ్య ఆడించుకుంటూ పోరాదు. మరొక పోటీలో అలవాటు లేని కాలితోనే కొట్టాల. కుడికాలు వాడు ఎడమతో, ఎడమకాలు వాడు కుడితో. ఇంకొకటి, పిల్లల ఎత్తు కొలిచి పొట్టి వాళ్లకు పొట్టి వాళ్లతోనే పోటీ. ఇవన్నీ ఏమిటి? తరగతి గదిలో మేము చేసేవే. నోట్సు చూడకుండా చెప్పు అంటాము, ఎడమ నుండి కుడికి రాసేవాడిని కుడి నుండి ఎడమకు రాయమంటాము. బలహీనమైన చోటనే అభ్యాసం చేయించడం పంతులు పని.

దాని ఫలితం చూడండి. బొంబాయి రోవర్స్ కప్పు 1950, 1951, 1952, 1953, 1954, వరుసగా అయిదేళ్లు హైదరాబాదు పోలీసు జట్టుదే. డ్యూరాండ్ కప్పు 1950లో, 1954లో, 1957లో తెచ్చినారు. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో మరొకసారి తెచ్చినారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956–57లో, 1957–58లో వరుసగా గెలిచింది. ఆ తర్వాత 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేర గెలిచింది. కలకత్తా జట్ల దగ్గర డబ్బు, లక్షల జనం. ఇక్కడ కానిస్టేబులు జీతాలు. ఆ కానిస్టేబులు వాళ్లనే ఓడించి వచ్చేవాడు.

ఇక్కడ ఒక మాట. ఆ ఆటగాళ్లకు ఆటకని జీతం లేదు, ఉద్యోగానికి జీతం. కానీ ఆ జీతం నెలనెలా వచ్చేది. ఒకటో తేదీ ఇంట్లో పొయ్యి మండుతుందని తెలిసినవాడు మైదానంలో మనసు పెట్టి ఆడతాడు. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది, కానీ 2023లో కప్పు జట్టు కూలింది ఈ చిన్న సంగతి దగ్గరే.

దేశపు జట్టు సంగతీ చెప్పాల. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్సులో ఇరాన్‌ను 1–0తో ఓడించి బంగారు పతకం తెచ్చినారు. 1952లో హెల్సింకి ఒలింపిక్సుకు పోతే యుగోస్లావియా మీద 10–1తో ఓడిపోయినారు. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడినారు, అక్కడ చలి. రహీం సాబ్ సాకు చెప్పలేదు. తప్పు దిద్దుకున్నారు. నాలుగేళ్ల తర్వాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4–2తో ఓడించి 4వ స్థానంలో నిలిచినారు. ఒలింపిక్సు ఫుట్‌బాలులో మన దేశం అంతకంటే పైకి ఎన్నడూ పోలేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ అందరూ హైదరాబాదు, సికింద్రాబాదుల నుండి వచ్చినవాళ్లే. పేర్లు విన్నారు గదా. ఒక మసీదు వాళ్లు, ఒక గుడి వాళ్లు, ఒక చర్చి వాళ్లు కాదు. ఒక మైదానం వాళ్లు.

చివరిది 1962 జకార్తా. అప్పటికి రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సరు. ఫైనలులో ఎదుట దక్షిణ కొరియా. స్టేడియం నిండా జనం, మనకు వ్యతిరేకంగా అరుపులు. మన జట్టులో తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ వెనుక నుండి తెచ్చి ముందు ఆడించినారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ కుట్ల తలవాడు ఒక గోలు. 2–1. బంగారు పతకం. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్ను మూసినారు. ఆనాటి నుండి ఈనాటి దాకా ఏషియన్ గేమ్సు ఫుట్‌బాలులో మనకు మళ్లీ బంగారం రాలేదు.

ఆయన పోయినాక కూడా హైదరాబాదు కొంతకాలం పిల్లలను ఇస్తూనే ఉండింది. సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్సులో కంచు పతకం వచ్చింది. మొహమ్మద్ హబీబ్ 1977లో పేలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినాడు. హబీబ్ తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, అందరూ ఇక్కడి మట్టే. కానీ అందరూ పేరు తెచ్చుకున్నది కలకత్తాలో. అక్కడ క్లబ్బులు పిలిచి డబ్బు ఇచ్చినాయి, ఇక్కడ నిలబెట్టుకొనే ఏర్పాటు లేకపోయింది. రహీం సాబ్ తర్వాత ఆ పనిని అంత పట్టుదలతో ఎత్తుకున్న పంతులు రాలేదు. మైదానాలు ఇళ్లయినాయి, చూపు క్రికెట్టు మీదికి పోయింది. క్రికెట్టు వద్దని మేము అనడం లేదు, మా ఇంట్లోనూ చూస్తాము. చెప్పేదేమిటంటే, ఒక మనిషి మీద నిలబడిన ఏర్పాటు ఆ మనిషితోనే పోయింది. డబ్బు మీద నిలబడిన ఏర్పాటు ఆ డబ్బుతోనే పోయింది.

ఇప్పుడు మన సంగతి.

పెద్దలారా, ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకోవాల్సి ఉంది. ఇది మా తప్పే, సొసైటీది గానీ మరొకరిది గానీ కాదు. మూడేళ్ల కిందట ఇదే మాదిరి సభలో, ఆటల బాధ్యత మాకు అప్పగించినారు. మేము ఉత్సాహం కొద్దీ మైకు పట్టుకొని, మూడు ఊళ్ల నుండి ఆడే పిల్లలందరికీ రెండు నెలల్లో బూట్లు ఇస్తామని చెప్పినాము. చప్పట్లు కొట్టినారు. చందా ఇస్తామన్న వాళ్లు కొందరు ఇచ్చినారు, కొందరికి వీలుపడలేదు. సగం డబ్బుతో సగం మందికి ఎట్లా ఇచ్చేది అని మేము ఆపినాము. రెండు నెలలు ఆరయినాయి. ఆరు పన్నెండయినాయి. పిల్లలు కనబడితే "వస్తాయి, వస్తాయి" అన్నాము. అటు తర్వాత వాళ్లు కనబడే దారిలో పోవడమే మానేసినాము.

జమ్మలమడుగు పిల్లవాడు ఒకడుండేవాడు. వాళ్ల నాయన మగ్గం నేస్తాడు. పెన్నా ఇసకలో ఆడి ఆడి వాడి కాళ్లకు ఎంత బలమంటే, గట్టి నేల మీదికి వస్తే గాలిలో పోయేవాడు. వాడు ఆటకు రావడం మానేసినాడు. పదో తరగతి కూడా నడుమలో వదిలేసి ప్రొద్దుటూరులో మోటారు సైకిళ్ల షెడ్డులో చేరినాడు. ఒకనాడు మా బండి పంక్చరయి అదే షెడ్డుకు పోయినాము. వాడే వచ్చి చక్రం విప్పినాడు. మేము ఏదో ఒకటి అనాల గదా, "బూట్ల సంగతి నాకు గుర్తుంది బేటా" అన్నాము. వాడు తల ఎత్తకుండానే, "బూట్లు లేకపోతే ఏముంది సార్, ఇసకలో ఎప్పుడు తొడిగినాము. మీరు మమ్మల్ని చూసి సందు మారినారు. అందుకే రాలేదు" అన్నాడు.

మేము డబ్బులివ్వబోతే పంక్చరుకు ఎంతో అంతే తీసుకున్నాడు. చిల్లర లెక్క పెట్టి ఇచ్చినాడు.

హైదరాబాదు జట్టు కథ చదివేటప్పుడు మాకు ఈ మాటే గుర్తుకు వచ్చింది. కోట్ల క్లబ్బయినా, మా ఆటల చందా అయినా కూలే తీరు ఒకటే. డబ్బు లేకపోవడం తప్పు కాదు. లేదని మొహం చూసి చెప్పకపోవడం తప్పు. ఆటగాడు ఓటమిని ఓర్చుకుంటాడు, ఆకలిని కూడా కొంతకాలం ఓర్చుకుంటాడు. ఇస్తానన్నవాడు సందు మారితే ఓర్చుకోడు.

కార్యవర్గం ముందు ఈసారి ఒక ప్రతిపాదన ఉందని తమరందరికీ తెలుసు. ఆటల పద్దు పూర్తిగా తీసేసి, ఆ డబ్బు కూడా స్కాలర్‌షిప్పులకు కలపాలని. ఈ ప్రతిపాదన చేసినవారు చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. ఫీజు కట్టలేక ఆగిపోయే పిల్ల ఒకవైపు, బంతి ఒకవైపు ఉంటే తూకం ఎటు మొగ్గుతుందో మాకూ తెలుసు. ఒక తల్లి మా దగ్గరికి వచ్చి, "ఆట అన్నం పెడతాదా సార్?" అని అడిగింది. పెట్టదమ్మా అని చెప్పినాము. అబద్ధం చెప్పలేము. వెయ్యిమంది ఆడితే ఒక్కడికి కూడా ఆట అన్నం పెట్టకపోవచ్చు. కానీ ఆ పిల్లవాడు బడికి వచ్చేది దేనికోసమో చూడాల. మా హాజరు పట్టీ తీసి చూసినాము. ఆట ఉన్న నెలల్లో సాయంత్రం గంట కొట్టేదాకా ఉన్న పిల్లలు, ఆట ఆగిన నెలల్లో మధ్యాహ్నం భోజనం కాగానే గోడ దూకినారు. ఫీజు కట్టి బడిలో చేర్చవచ్చును. బడిలో కూర్చోబెట్టేది మాత్రం రసీదు కాదు.

కనుక మేము మూడు మనవులు చేసుకుంటున్నాము.

మొదటిది. ఆటల పద్దు తీసేయవద్దు, పెంచనూ వద్దు. ఉన్నంతే ఉంచండి. ఇక మీదట చేతిలో డబ్బు పడిన తర్వాతనే పిల్లలకు మాట ఇవ్వాల. ఆటల లెక్క ప్రతి నెలా రాసి మూడు ఊళ్లలోనూ పిల్లలకు కనబడేచోట అంటించాల. అందులో మొదటి బాకీ, ఆ బూట్ల బాకీ. ఈ నెల నుండి మేము మా జీతంలో నుండి కొంత వేసి ఒక్కొక్క జత తీరుస్తాము. దీనికి చందా అడగడం లేదు.

రెండవది. రహీం సాబ్ పోటీలు మనమూ పెట్టుకోవచ్చు. డబ్బు అక్కరలేదు. అలవాటు లేని కాలితో కొట్టే పోటీకి ఏం కావాల? ఒక బంతి, నాలుగు రాళ్లు, ఒక విజిలు. ఊరికి ఒక పంతులు ముందుకు వస్తే చాలు. అయితే ఒక్కరే కాకుండా ఇద్దరిద్దరు ఉండాల. ఒకరు బదిలీ అయినా, జబ్బు పడినా, మాలాగా సిగ్గుపడి దాక్కున్నా రెండోవారు విజిలు ఊదాల. హైదరాబాదు కథలో నేర్చుకోవాల్సింది ఇదే.

మూడవది. ఆడపిల్లలు. పక్క అనంతపురం జిల్లాలో ఆర్.డి.టి. సంస్థ వారు పల్లెల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ఫుట్‌బాలు నేర్పుతున్నారు. మన పిల్లలు గోడ వెనుక నుండి చూస్తున్నారు. మన బడి ఆవరణలోనే, మన ఆపాలు, అమ్మలు ఉండగానే ఆడించవచ్చును. తల్లులు ఆలోచించి చెప్పాలని ప్రార్థన.

ఈ రోజు ఉదయం ప్రయత్నంగా మూడు ఊళ్ల పిల్లలకు ఎడమకాలి పోటీ పెట్టినాము. తమలో కొందరు చూసినారు. ప్రొద్దుటూరు పిల్లలు బంతిని కొట్టబోయి గాలిని కొట్టినారు, వాళ్ల నాయనలు అంగళ్లు వదిలి వచ్చి మరీ నవ్వినారు. పులివెందుల వాళ్లు 2–1తో గెలిచినారు. వాళ్లలో ఒకడు పుట్టుకతోనే ఎడమచేతి వాటమని తర్వాత తెలిసింది. ఫిర్యాదు వచ్చింది. వచ్చే యేడు వాడు కుడికాలితో ఆడాలని తీర్మానించినాము.

ఇంకొకటి చెప్పి ముగిస్తాము. పొద్దున ఆట మొదలు పెట్టబోతే బంతిలో గాలి లేదు. పంపు ఎవరి దగ్గరా లేదు. ఎవరో పిల్లలు పరుగెత్తి పోయి షెడ్డులో నుండి ఆ జమ్మలమడుగు పిల్లవాణ్ణి పిలుచుకొని వచ్చినారు. వాడు చేతికి మసి అట్లాగే ఉండగా వచ్చి, గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసి, బంతి మా చేతికి ఇచ్చినాడు. మాతో ఏమీ మాట్లాడలేదు. కానీ వెంటనే పోలేదు. మొదటి సగం అయ్యేదాకా గీత పక్కన నిలబడి చూసినాడు. మేము ఈసారి సందు మారలేదు. పోయి పక్కన నిలబడినాము. అంతవరకే. ఎక్కువ చెప్తే అబద్ధమవుతుంది.

ఇక మా పసుపు బనియను అబ్బాయికి జవాబు. బేటా, నీ టీము ఢిల్లీకి పోయింది నిజమే. నువ్వు బనియను విప్పనక్కరలేదు. 2022లో ఆ ఆటగాళ్లు ఆడిన ఆటను ఎవరూ ఎత్తుకొని పోలేరు. కానీ డబ్బున్నవాళ్లు కొని తెచ్చిన టీమును డబ్బున్నవాళ్లు అమ్ముకుంటారు. ఎవరూ అమ్మలేని టీము ఒకటుంది. అది నువ్వు రేపు సాయంత్రం నాలుగున్నరకు బంతి పట్టుకొని పోయే టీము. అందులో నీ ఎడమకాలు ఇంకా బాగుపడాల. మేమూ వస్తాము, విజిలు మా దగ్గరుంది.